సగపాలు మిల్లర్: ఇద్దరు మేస్త్రీలు కలిసి మిషన్ కొంటే లెక్క ఎక్కడ తప్పుతుంది

కర్నూలు చుట్టుపక్కల బేల్దారి మేస్త్రీకి సొంతంగా కాంక్రీటు కలిపే మిల్లర్ ఉందంటే ఆ మేస్త్రీ మాటకు ఉండే విలువే వేరు. మిల్లర్ లేనివాళ్లు స్లాబ్ కుదిరిన ప్రతిసారీ బాడుగ మిల్లర్ కోసం నలుగురికి ఫోన్లు చేయాలి. అది దొరికిన రోజుకే కూలీలనూ, సెంట్రింగ్ వాళ్లనూ సర్దుకోవాలి. అలాగని సొంతంగా కొంటే, ఒక్కరి చేతిలో ఉన్న పనులకు ఏడాదిలో మిల్లర్ తిరిగే రోజులు అంతంత మాత్రమే. మిగతా రోజులన్నీ ఏదో ఖాళీ ప్లాటులో పట్ట కప్పుకుని పడి ఉంటుంది. కల్లూరులో ఒక మేస్త్రీ, కోడుమూరులో ఇంకో మేస్త్రీ చెరి సగం వేసుకుని ఒకటి కొందామనుకోవడం ఇక్కడి నుంచే మొదలవుతుంది. వెల్డింగ్ సెట్టు, గ్రానైట్ కోసే మిషన్, వడ్రంగుల ప్లేనర్, టైలర్ల పీకో మిషన్, వేటిని కలిసి కొన్నా ఆలోచన ఇదే.

ఇలాంటి పొత్తు చెడితే జనం మనిషి మీదకే నెపం నెడతారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని తేల్చేస్తారు. అయితే కారణం చాలాసార్లు మనిషి గుణంలో ఉండదు. కొన్న రోజు చెరి సగం వేసుకున్నారు కాబట్టి ఆ తర్వాత రిపేరు చెరి సగం, టైర్లు చెరి సగం, అమ్మితే చెరి సగం అని ఇద్దరూ అనుకుంటారు. వాడకం మాత్రం చెరి సగం ఉండదు. ఒకరికి పనులు ఎక్కువ, ఇంకొకరికి తక్కువ. మొదటి ఏడాది స్నేహం కొద్దీ ఎవరూ నోరెత్తరు. రెండో ఏడాది గేర్ పళ్లు అరిగి పెద్ద రిపేరు వచ్చినప్పుడు, తక్కువ వాడినవాళ్లకు కడుపు మండుతుంది.

రాయలసీమకు పొత్తు కొత్తేమీ కాదు. ఒంటెద్దు ఉన్న ఇద్దరు రైతులు జత కట్టి సేద్యం చేసుకోవడం, అన్నదమ్ములు ఒకే బావి నీళ్లను వంతులేసుకుని పారించుకోవడం తరాలుగా ఉన్నవే. ఆ బావి లెక్కనే మిషన్‌కు పెడితే మాత్రం కుదరదు. ఒకరు నాలుగు గంటలు ఎక్కువ నీళ్లు పెట్టుకున్నంత మాత్రాన బావి గోడ అరిగిపోదు. మిల్లర్ తిప్పిన ప్రతి గంటకూ బ్లేడ్లు, బేరింగులు, సరుకు పోసే తొట్టిని (హాపర్) ఎత్తే ఇనుప తాడు కొంచెం కొంచెంగా ఖర్చయిపోతుంటాయి. అంటే ఇక్కడ పంచుకోవాల్సింది వంతులతో పాటు అరుగుదలను కూడా.

దీనికి పనికొచ్చే ఉపాయం ఒకటుంది. మిల్లర్‌ను మూడో మనిషిగా చూడాలి. ఇద్దరు యజమానులూ దానికి బాడుగ కట్టాలి. సొంత మిషన్‌కు బాడుగేమిటని మొదట నవ్వొస్తుంది గానీ, లెక్క వేసి చూస్తే నవ్వు ఆగిపోతుంది.

అంకెలు ఊహించుకుందాం. మిల్లర్ ధర 1,20,000 రూపాయలు, ఒక్కొక్కరు 60,000 పెట్టారు. బయట రోజు బాడుగ 1,500 ఉందనుకుందాం. కల్లూరు మేస్త్రీ ఏడాదిలో 60 రోజులు వాడాడు, కోడుమూరు మేస్త్రీ 25 రోజులు. రిపేర్లకు 20,000 అయింది. మామూలుగా చేసే పద్ధతిలో రిపేరు చెరి పది వేలు పడుతుంది. అంటే కోడుమూరు మేస్త్రీకి వాడిన ప్రతి రోజుకూ 400 రూపాయల రిపేరు పడింది, కల్లూరు మేస్త్రీకి దాదాపు 167. పని తక్కువ ఉన్న మనిషి పని ఎక్కువ ఉన్న మనిషి అరుగుదలకు డబ్బు కట్టినట్టయింది. ఇక్కడ ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు, పెట్టుకున్న లెక్కే అలాంటిది.

ఇప్పుడు బాడుగ పద్ధతిలో చూద్దాం. ఎవరు వాడినా రోజుకు 1,000 రూపాయలు మిషన్ ఖాతాలో వేయాలి. డీజిల్, ఆపరేటర్ కూలి, మిల్లర్‌ను సైటుకు లాక్కుపోయే ట్రాక్టరు ఖర్చు వాడుకున్నవాళ్లవే. ఏడాది చివర్లో ఖాతాలో 85,000 ఉంటాయి. రిపేర్లకు 20,000 పోయాయి. మిల్లర్ విలువ ఏడాదికి 15 శాతం తగ్గుతుందనుకుని 18,000 పక్కన పెట్టాలి. ఆదాయపు పన్ను లెక్కల్లో మామూలు యంత్రాలకు తరుగుదల రేటు కూడా ఈ 15 శాతమే, కాబట్టి ఇది గాలిలోంచి తీసిన అంకె కాదు. మిగిలింది 47,000, చెరి 23,500. కల్లూరు మేస్త్రీ 60,000 కట్టి 23,500 వెనక్కి తీసుకున్నాడు, నికరంగా 36,500 ఖర్చు. కోడుమూరు మేస్త్రీ 25,000 కట్టి 23,500 తీసుకున్నాడు, నికరంగా 1,500. పెట్టుబడి సగం, లాభం సగం, అరుగుదల మాత్రం వాడకాన్ని బట్టి. ఇద్దరిలో ఎవరికీ రెండోవాళ్ల పనులు లెక్కపెట్టుకుంటూ కూర్చునే అవసరం ఉండదు. పైగా కల్లూరు మేస్త్రీకి ఇంకో పది రోజులు పని దొరికితే కోడుమూరు మేస్త్రీకి సంతోషమే, తన వాటా కూడా పెరుగుతుంది కదా.

ఇందులో పెట్టుబడి మీద వడ్డీ కలపలేదు. కలపాలి. అప్పు తెచ్చి పెట్టినా, సొంత డబ్బు పెట్టినా ఆ 60,000 ఇంకోచోట ఉంటే సంపాదించేది. పల్లెల్లో నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్కన నెలకు 1,200, ఏడాదికి 14,400. అది కలిపితే కల్లూరు మేస్త్రీకి రోజుకు 848, కోడుమూరు మేస్త్రీకి 636 పడుతుంది. బయటి 1,500తో పోలిస్తే ఇద్దరికీ లాభమే. అయితే ఇద్దరికీ పని తక్కువైతే? వడ్డీ ఇద్దరిదీ 28,800, తరుగుదల 18,000, కలిపి 46,800 మిల్లర్ కదిలినా కదలకపోయినా పడే ఖర్చు. రోజుకు రిపేరు సుమారు 235 తీసేస్తే బయటి బాడుగతో పోల్చి మిగిలేది 1,265. ఈ లెక్కన ఇద్దరి రోజులూ కలిపి ఏడాదికి 37 దాటితేనే కొనడంలో అర్థం ఉంది. దాటకపోతే బాడుగకు తెచ్చుకోవడమే మేలు. ఎవరు ఎన్ని రోజులు వాడతారన్నది ఇక్కడ అంత ముఖ్యం కాదు, మొత్తం ఎన్ని రోజులన్నదే చూడాలి. తమ ఊళ్లో నడిచే అసలు ధరలు, బాడుగలు వేసుకుని ఈ చిన్న లెక్క చేసుకుంటే కొనాలా వద్దా అన్న చర్చ సగం అక్కడికక్కడే తేలిపోతుంది.

వడ్డీ తగ్గితే ఈ 37 కూడా తగ్గుతుంది. కేంద్రం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో రాజమేస్త్రీ పని ఒకటి. తాకట్టు లేకుండా మొదట లక్ష, దాన్ని తీర్చాక రెండు లక్షల దాకా, 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. 60,000కు 5 శాతం అంటే ఏడాదికి 3,000. ఇద్దరికీ అదే వడ్డీ అయితే మొత్తం 19 రోజులు తిరిగినా గిట్టుబాటవుతుంది. కాకపోతే ఆ అప్పు ఎవరి పేరు మీద తీసుకుంటే వాళ్లదే, మిషన్ మీద సగం హక్కు అమ్మేసినా కిస్తీ మాత్రం పోదు. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు కాబట్టి అన్నదమ్ముల్లాంటి వాళ్లు ఒకే ఇంటి నుంచి రెండు అప్పులు తెద్దామనుకుంటే కుదరకపోవచ్చు.

లోపలి బాడుగ ఎంత పెట్టాలన్నది కొంచెం ఆలోచించాల్సిన విషయం. మరీ తక్కువ పెడితే మళ్లీ పాత కథే, ఎక్కువ వాడేవాళ్లకు ఉచితం లాంటిది. బయటి ధరకు సమానంగా పెడితే సొంతం చేసుకున్న సుఖం కనిపించదు, పక్క సందులో దొరికే మిల్లర్‌ను తెచ్చుకుని సొంత మిల్లర్‌ను పట్ట కింద వదిలేస్తారు. బయటి ధరలో మూడింట రెండు వంతుల దగ్గర పెట్టి, ఉగాదికి ఒకసారి సరిచూసుకోవడం నడిచే పద్ధతి. మూడో వాళ్లకు బాడుగకు ఇస్తే పూర్తి ధర, అది కూడా మిషన్ ఖాతాకే. ఇక్కడే ఒక చిక్కు వస్తుంది: బావమరిది ఇల్లు కడుతుంటాడు, "ఒక్క దినం తీసుకుపోతా" అంటాడు. ఇవ్వొచ్చు. అయితే మిల్లర్ ఇచ్చిన మేస్త్రీయే ఆ రోజు బాడుగ ఖాతాలో వేయాలి. బావమరిది మీద ప్రేమ ఉన్నవాళ్లు ఒక్కరే, మిల్లర్ మాత్రం ఇద్దరిదీ.

డ్రమ్ము కడిగింది ఎవరు

డబ్బు లెక్క తేలినా తగాదాలు పూర్తిగా పోవు. అవి ఎక్కడ పుడతాయో చూడాలంటే సాయంత్రం స్లాబ్ అయిపోయాక మిల్లర్ దగ్గర నిలబడాలి.

పల్లెల్లోనూ, చిన్న టౌన్లలోనూ ఎక్కువగా కనిపించేది పది బై ఏడు మిల్లర్. ఒక్క సిమెంటు బస్తా మాలుకు సరిపోయేది. పది ఘనపుటడుగుల పొడి సరుకు పోస్తే దాదాపు ఏడు ఘనపుటడుగుల తడి కాంక్రీటు వస్తుంది. పొద్దున్నుంచీ వందకు పైగా బస్తాలు కలిపిన డ్రమ్ములో బ్లేడ్ల మూలల్లో మాలు పట్టుకుని ఉంటుంది. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు నీళ్లు తగిలిన అరగంట తర్వాత ఎప్పుడైనా గట్టిపడటం మొదలుపెట్టొచ్చు, పది గంటల లోపు పూర్తిగా బిగిసిపోతుంది. ప్రమాణాల్లో రాసిన హద్దులు ఇవే. అంటే చివరి మాలు దించిన వెంటనే రెండు గంపల కంకర, నాలుగు బిందెల నీళ్లు పోసి డ్రమ్మును పావుగంట తిప్పితే లోపల ఉన్నదంతా రాలిపోతుంది. కూలీలు అప్పటికే అలసిపోయి ఉంటారు, ఇంటివాళ్లు భోజనాలు పెట్టి ఉంటారు, చీకటి పడుతుంటుంది. "పొద్దున్నే కడుగుదాంలే" అని వదిలేస్తే పొద్దునకు అది రాయి.

ఆ రాయిని తీయడానికి సుత్తితో డ్రమ్ము బయటి నుంచి బాదుతారు. డ్రమ్ము సొట్ట పడుతుంది. తీయకపోతే పొర మీద పొర చేరి బ్లేడ్లు సగం మునిగిపోతాయి. సరుకు సరిగ్గా కలవదు, బస్తా పట్టాల్సిన డ్రమ్ములో బస్తా పట్టదు, బరువు పెరిగి బేరింగు త్వరగా పోతుంది. ఈ పొరలు ఒక్క రోజులో చేరేవి కావు. కాబట్టి ఆరు నెలల తర్వాత "నీ మనుషులే కడగలేదు" అంటే "కాదు, నీ మనుషులే" అనుకోవడమే తప్ప ఎవరూ ఏమీ నిరూపించలేరు.

దీనికి రెండు మందులు. మొదటిది, ఇద్దరి సైట్లకూ ఒకే ఆపరేటర్ మిల్లర్‌తో పాటు వెళ్లడం. కూలి ఎవరి సైటులో పని చేస్తే వాళ్లిస్తారు, బాధ్యత మాత్రం మిషన్‌ది. డ్రమ్ము కడిగి, గ్రీజు పెట్టి, ఇంజిన్ ఆయిల్ చూసే మనిషి ఒక్కడే అయితే నెపం నెట్టుకునే పని ఉండదు. రెండోది, ఒక నోటు బుక్కు. తేదీ, సైటు, ఎన్ని బస్తాలు, ఎవరు తీసుకున్నారు, డ్రమ్ము కడిగి ఇచ్చారా, తాడు ఎలా ఉంది, ఏమైనా విరిగిందా, కింద ఇద్దరి సంతకాలు. ఫోన్‌లో డ్రమ్ము లోపల ఒక ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది. పాతికేళ్ల అనుభవం ఉన్న మేస్త్రీలకు ఇదంతా చాదస్తంగా అనిపిస్తుంది. నిజమే, చాదస్తమే. అయినా రిపేరు షెడ్డులో బిల్లు చేతికొచ్చిన రోజు ఆ చాదస్తమే పనికొస్తుంది.

నోటు బుక్కుకు ఇంకో ముఖం కూడా ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. ఇద్దరూ ఒకే ఊళ్లో ఒకే పని చేసేవాళ్లయితే, ఆ బుక్కు చూస్తే రెండోవాళ్లకు ఎన్ని పనులున్నాయో, ఎవరి ఇల్లు కడుతున్నారో తెలిసిపోతుంది. రేపు ఒకే ఇంటి పనికి ఇద్దరూ రేటు చెప్పాల్సి వస్తే ఇబ్బంది. అందుకే పొత్తుకు ఎదురుగా పోటీ పడే మేస్త్రీ కంటే పక్క ఊరి మేస్త్రీ మేలు. మరీ దూరమైతే లాగుడు ఖర్చు బాడుగను తినేస్తుంది. ఆదోని మనిషికీ నందికొట్కూరు మనిషికీ పొత్తు కుదరదు, కర్నూలు కోడుమూరుల మధ్య అయితే నడుస్తుంది.

అందరికీ అదే ముహూర్తం

ఎవరితో పొత్తు అన్న ప్రశ్నలో మనిషి నమ్మకం తర్వాత చూడాల్సింది పని తేదీలు. ఫొటోగ్రాఫర్లను చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఇద్దరు ఫొటోగ్రాఫర్లు కలిసి ఒక డ్రోన్ కొన్నారనుకుంటే, శ్రావణ మాసంలోనో మాఘంలోనో మంచి ముహూర్తం ఉన్న రోజు ఇద్దరికీ పెళ్లి ఉంటుంది, ఇద్దరికీ డ్రోన్ కావాలి. మూఢం వస్తే ఇద్దరికీ అక్కర్లేదు. అలాంటి వస్తువు కలిసి కొంటే సగం ఖర్చుకు సగం వస్తువు కూడా రాదు. బాడుగకు తెచ్చుకోవడమో, ఎవరిది వాళ్లు కొనుక్కోవడమో తప్ప దారి లేదు. ప్రొద్దుటూరు కంసాలుల బంగారు రేకు తీసే మిషన్ దీనికి పూర్తిగా వేరు. ఒక్కొక్కరికి కాసేపే పని, పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు తీసుకున్నా ఇబ్బంది లేదు.

మిల్లర్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. శంకుస్థాపనకు ముహూర్తం చూస్తారు, స్లాబ్ రోజుకు కూడా కొందరు తిథి చూస్తారు. అయినా స్లాబ్ తేదీ అసలు తేలేది సెంట్రింగ్ ఎప్పుడు పూర్తయింది, కడ్డీ ఎప్పుడు కట్టారు, ఇంటాయన డబ్బు ఎప్పుడు సర్దాడు అన్నదాన్ని బట్టి. కాబట్టి సర్దుబాటుకు చోటు ఉంటుంది. ముందు చెప్పినవాళ్లదే ముందు అన్న నియమం పనికొస్తుంది, ఒక మినహాయింపుతో: స్లాబ్‌కూ పునాది పనికీ పోటీ పడితే స్లాబ్‌దే పై మాట. పునాది రెండు రోజులు ఆగినా నష్టం లేదు. స్లాబ్ ఆగితే బాడుగకు తెచ్చిన జాకీలకూ, రేకులకూ రోజు బాడుగ పెరుగుతూ పోతుంది.

వాన పడితే? కర్నూలు ప్రాంతంలో సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇది తరచూ వచ్చే ప్రశ్న. సోమవారం స్లాబ్ వానకు ఆగిపోయి మంగళవారానికి పడింది, మంగళవారం మిల్లర్ రెండోవాళ్లకు రాసి ఉంది. ఇలాంటప్పుడు మాట పట్టింపులకు పోకుండా రెండో సైటుకు బయటి మిల్లర్ తెప్పించి, ఆ బాడుగకూ లోపలి బాడుగకూ ఉన్న తేడాను మిషన్ ఖాతా నుంచి ఇవ్వడం సులువు. స్లాబ్ మధ్యలో ఇంజిన్ ఆగిపోయినా అంతే. సగం పోసిన కాంక్రీటును వదిలేస్తే పాతదానికీ కొత్తదానికీ మధ్య అతుకు సరిగ్గా పట్టదు, తర్వాత అక్కడే నీళ్లు కారతాయి. అందువల్ల ఎవరి తప్పు అన్న విచారణ తర్వాత, ముందు ఇంకో మిల్లర్ రావాలి. ఖర్చు ఖాతాది.

బిల్లు ఎవరి పేరు మీద

కొనేటప్పుడు ఇద్దరిలో ఒకరు షోరూముకు వెళ్లి తమ ఒక్కరి పేరు మీదే బిల్లు రాయించుకుని వస్తారు. రెండోవాళ్లు సగం డబ్బు చేతికిచ్చి ఉంటారు లేదా ఫోన్‌పే చేసి ఉంటారు. ఫోన్‌పే చేసినవాళ్లకు కనీసం ఆధారమైనా ఉంటుంది. బిల్లులో ఇద్దరి పేర్లూ రాయించడానికి అదనంగా ఒక్క పైసా కాదు. ఎందుకు రాయించాలో చెప్పే సెక్షన్ ఒకటి వస్తువుల అమ్మకపు చట్టం, 1930లో ఉంది, 28వది. ఉమ్మడి వస్తువు మిగతా యజమానుల అనుమతితో ఒక్కరి దగ్గరే ఉన్నప్పుడు, వాళ్లు దాన్ని ఎవరికైనా అమ్మేస్తే, కొన్నవాళ్లకు ఆ సంగతి తెలియక నిజాయితీగా కొని ఉంటే వస్తువు కొన్నవాళ్లదే అవుతుంది. మిల్లర్ అయితే వాళ్లదే, మోసపోయిన సగం యజమాని అమ్మినవాళ్ల మీద డబ్బుకు పోరాడాలి. పోత అచ్చుతోనో, వెల్డింగ్‌తోనో డ్రమ్ము మీద ఇద్దరి పేర్లూ వేయిస్తే, ఆ మిల్లర్ కొనేవాళ్లు "నాకు తెలియదు" అనడం కష్టం. రాయించేది ఎలాగూ పేరు గొప్ప కోసమే అనుకుంటారు గానీ, పని ఇలా కూడా చేస్తుంది.

ట్రాక్టరు, ఆటో ట్రాలీ లాంటి రిజిస్ట్రేషన్ ఉన్న బండ్ల సంగతి ఇంకా గట్టిది. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. బండి చేతులు మారినా పేరు మారకపోతే ప్రమాదంలో నష్టపరిహారం పాత పేరు మీదకే వస్తుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. కాబట్టి పొత్తు ట్రాక్టరులో ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉందో వాళ్లు అందరికంటే ఎక్కువ టెన్షన్ మోస్తున్నట్టు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ గడువు తీరకుండా చూసే ఖర్చును మిషన్ ఖాతా మీద వేయడం వాళ్లకు చేసే కనీస న్యాయం.

పొత్తు వేరు, భాగస్వామ్య వ్యాపారం వేరు. ఒక వస్తువు ఇద్దరిదీ అయినంత మాత్రాన, దాని మీద వచ్చే ఆదాయం పంచుకున్నంత మాత్రాన ఇద్దరూ భాగస్వాములైపోరని భాగస్వామ్య చట్టం, 1932లోని 6వ సెక్షన్ చెబుతుంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, భాగస్వాములైతే సంస్థ పేరు మీద ఒకరు చేసిన అప్పుకు ఇంకొకరు కూడా పూర్తిగా జవాబు చెప్పాలి. మిల్లర్ సగం యజమాని మాత్రమే అయితే రెండోవాళ్ల సిమెంటు బాకీతో సంబంధం లేదు. అందుకని రాసుకునే కాగితంలో "మిల్లర్ మాత్రమే ఉమ్మడి, ఎవరి పనులు వాళ్లవి" అన్న వాక్యం ఉండాలి. ఆ మాటకు తగ్గట్టు నడుచుకోవాలి కూడా. ఒకే విజిటింగ్ కార్డు మీద ఇద్దరి పేర్లూ వేసుకుని, ఇద్దరం కలిసి పనులు పడతామని తిరుగుతూ భాగస్వాములం కాదంటే ఎవరూ నమ్మరు. నిజంగానే కలిసి వ్యాపారం చేయాలనుకుంటే సంస్థను రిజిస్టర్ చేయించుకోవడం మేలు. రిజిస్టర్ కాని సంస్థ తనకు రావాల్సిన బాకీ కోసం బయటివాళ్ల మీద దావా వేయలేదు.

మిల్లర్ దగ్గర కూలీకి దెబ్బ తగిలితే, హాపర్ కింద చెయ్యి నలిగితే, ఆ రోజు ఎవరు పనికి పిలిచారో వాళ్ల మీదే ముందు బాధ్యత పడుతుంది. ఉద్యోగుల నష్టపరిహారానికి ఉన్న చట్టం (1923 నాటి చట్టం స్థానంలో 2025 నవంబరు నుంచి సామాజిక భద్రతా కోడ్, 2020) మిషన్ ఎవరిదని చూడదు, పని ఎవరిదని చూస్తుంది. అయితే తెగబోతున్న తాడు సంగతి తెలిసీ రెండో మేస్త్రీకి చెప్పకుండా మిల్లర్ అప్పగించిన మనిషి ఊరికే తప్పించుకోలేకపోవచ్చు. నోటు బుక్కులో తాడు గడి ఉండటానికి ఇది ఇంకో కారణం.

ఎవరి తప్పూ లేని నష్టం కూడా ఉంటుంది. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీ నీళ్లలో మునిగినప్పుడు ఇళ్లతో పాటు ఎందరివో పనిముట్లు కూడా పోయాయి. అలాంటి నష్టం ఇద్దరూ సగం సగం భరించాల్సిందే, మిల్లర్ ఎవరి ఇంటి ముందు ఉన్నా సరే. అందుకే ఎక్కడ పెట్టాలన్నది కూడా ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. ఎవరి స్థలంలో పెడితే వాళ్లకు మిషన్ ఖాతా నుంచి నెలకు కొంత ఇస్తే బాగుంటుంది. కాపలా ఉచితంగా చేయించుకుంటే, బ్యాటరీ పోయిన రోజు మనస్పర్థ తప్పదు.

విడిపోయే రోజు ధర

కొన్న రోజే మాట్లాడుకోవాల్సిన విషయం ఇది, అప్పుడు ఎవరికీ మాట్లాడబుద్ధి కాని విషయం కూడా ఇదే. ఒకరు బెంగళూరు వెళ్లిపోవచ్చు, పని మానేయొచ్చు, పెద్ద మిల్లర్ కొనుక్కోవచ్చు. సగం మిల్లర్‌ను సంతలో అమ్మలేరు. కొనగలిగింది ఆ రెండో మనిషి ఒక్కరే. బేరం ఆడే చోటే లేనప్పుడు ధర ఎలా తేలుతుంది?

ఒక దారి, పైన చెప్పిన 15 శాతం తరుగుదల పట్టికను కాగితంలోనే రాసుకోవడం. 1,20,000 మిల్లర్ ఏడాదికి 1,02,000, రెండేళ్లకు 86,700, మూడేళ్లకు 73,695, నాలుగేళ్లకు దాదాపు 62,640. నాలుగేళ్ల తర్వాత వెళ్లిపోయేవాళ్లకు 31,320, దాంతో పాటు మిషన్ ఖాతాలో ఉన్న తరుగుదల డబ్బులో సగం. ఇది మార్కెట్ ధరకు దగ్గరగా ఉండకపోవచ్చు. మిల్లర్ బాగా చూసుకుంటే ఎక్కువ పలుకుతుంది, చూసుకోకపోతే ఇనుము తూకానికే పోతుంది. అయినా అంకె ముందే రాసి ఉండటం వల్ల తగాదా తప్పుతుంది.

ఇంకో దారి మన అన్నదమ్ముల భాగపంపకాల్లో ఉన్నదే: పెద్దోడు పాళ్లు వేయాలి, చిన్నోడు ముందు ఎంచుకోవాలి. ఇక్కడ విడిపోతానన్న మనిషి మొత్తం మిల్లర్‌కు ఒక ధర చెప్పాలి. ఆ ధర మీద సగం ఇచ్చి మిల్లర్ ఉంచుకుంటారా, సగం తీసుకుని మిల్లర్ వదిలేస్తారా అన్నది రెండో మనిషి ఇష్టం. తక్కువ చెబితే రెండోవాళ్లు కొనేస్తారు, ఎక్కువ చెబితే అంటగడతారు. కాబట్టి చెప్పే ధర న్యాయంగానే ఉంటుంది. ఒక్క లోపం ఏమిటంటే, చేతిలో డబ్బున్నవాళ్లు, రెండోవాళ్ల దగ్గర లేదని తెలిసి, తక్కువ చెప్పి కొట్టేయొచ్చు. దానికి విరుగుడుగా డబ్బు సర్దుకోవడానికి రెండు నెలల గడువు పెట్టుకోవాలి. చీటీ పాడుకోవడానికైనా, బంగారం కుదువ పెట్టడానికైనా ఆ మాత్రం సమయం కావాలి.

ఇద్దరిలో ఒకరు చనిపోతే వాటా వాళ్ల వారసులకు వెళ్తుంది. వీలునామా లేని హిందూ మగవారి విషయంలో భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి అందరూ మొదటి వరుస వారసులే. అంటే బతికున్న మేస్త్రీకి ఒక్క భాగస్థుడి బదులు నలుగురు ఐదుగురు వస్తారు, వాళ్లలో ఒక్కరికీ మిల్లర్ తిప్పే పని తెలియదు. రాసుకున్న ధరకు సగం వాటా కొనే హక్కు బతికున్నవాళ్లకు ఉంటుందని, ఇన్ని నెలల్లో ఆ డబ్బు ఆ ఇంటికి అందించాలని రాసుకుంటే ఆ ఇంటికి మంచిదే, ఈ మేస్త్రీకీ మంచిదే. దినవారాలు అయిన వెంటనే మిల్లర్ సంగతి ఎత్తాల్సిన ఇబ్బంది కూడా తప్పుతుంది.

ఎంత రాసుకున్నా మాట తేడా రావచ్చు. అప్పుడు సివిల్ కోర్టుకు వెళ్లే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థ గుమ్మం తొక్కడం మంచిది. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ఇవి జిల్లా కోర్టుల పక్కనే పని చేస్తాయి. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు (రాజీ తీర్పు) వస్తుంది, వస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. బాకీ డబ్బు కోసమైతే సాధారణంగా మూడేళ్ల లోపే అడగాలి, కాబట్టి మొహమాటానికి ఏళ్ల తరబడి ఆగకూడదు. వెళ్లేటప్పుడు వెంట తీసుకుపోవాల్సినవి మూడు: ఇద్దరి పేర్లున్న బిల్లు, మిషన్ ఖాతా పాస్‌బుక్కు, సంతకాలున్న నోటు బుక్కు.